పాళెం నుండి పట్టణానికి: రాజపాళయం, సేత్తూరు సీమ చరిత్ర

మదురై నుండి శ్రీవిల్లిపుత్తూరు, తెన్కాశిల మీదుగా కేరళలోని కొల్లం వైపు సాగే రహదారిపై, మదురైకి సుమారు 85 కిలోమీటర్ల దూరాన రాజపాళయం పట్టణం ఉన్నది. దారికి కుడివైపున పడమటి కనుమలు గోడ కట్టినట్టు నిలిచి ఉంటాయి. రాజపాళయం దాటి అదే దారిలో తెన్కాశి దిక్కుగా సాగితే సేత్తూరు వస్తుంది. ఆ పైన దేవదానం, శివగిరి. ఈ ఊళ్ళన్నీ ఒకే కొండవరుస నీడలో, ఆ కొండల నుండి దిగివచ్చే వాగుల మీద ఆధారపడి పెరిగినవే. 2011 జనాభా లెక్కల ప్రకారం రాజపాళయం పట్టణ జనసంఖ్య 1,30,442.

ఈ పట్టణానికి ఓడరేవు లేదు. గనులు లేవు. ఏడాది పొడవునా పారే పెద్ద నది లేదు. రాజధానిగా ఉన్న చరిత్ర కూడా లేదు. అయినప్పటికీ దక్షిణ తమిళనాట నూలు పరిశ్రమకు, వైద్యానికి వాడే దూదికి, కట్టుగుడ్డకు పేరుపొందిన కేంద్రంగా ఇది ఎదిగింది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ఒక ముఖ్యమంత్రిని ఇచ్చింది. ఈ ఎదుగుదల వెనుక తెలుగు మాట్లాడే కుటుంబాల పాత్ర ప్రధానమైనది. కనుక ఈ సీమ చరిత్రను తెలుగువారు తెలుసుకోవలసిన అవసరం ఉన్నది. ఊరు ఎలా పెరిగిందన్నది ఆ చరిత్రలో ఒక భాగం. ఊరు పెరిగినంతగా ఆ ఊరి తెలుగు ఎందుకు పెరగలేదన్నది రెండవ భాగం.

కొండ, నీరు, నేల

నైరుతి ఋతుపవనాలు అరేబియా సముద్రం మీదుగా వచ్చి కనుమల ఆవలివైపున, అనగా కేరళ భూభాగంలో, విస్తారంగా వర్షిస్తాయి. కొండ దాటి ఈవలకు వచ్చేసరికి మేఘాలలో నీరు తక్కువ. అందువల్ల రాజపాళయం సీమ వర్షచ్ఛాయా ప్రాంతమైంది. ఇక్కడి రైతుకు అక్టోబరు నుండి డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనాలే ముఖ్యాధారం. అయితే కొండ పూర్తిగా చేయి విడువలేదు. శిఖరాల మీది అడవి వాననీటిని పట్టి ఉంచి, కొద్దికొద్దిగా వాగులలోకి వదులుతుంది. రాజపాళయానికి పడమట అయ్యనార్ కోయిల్ వాగు, సేత్తూరు వైపున శాస్తా కోయిల్ వాగు అటువంటివి. ఈ వాగుల నీటిని చెరువులలో నిలిపి కొండ అంచున వరి పండించారు. తోటలు వేశారు. రాజపాళయం మామిడిపళ్ళకు నేటికీ దక్షిణ తమిళనాట మంచి పేరు ఉన్నది.

కొండ నుండి తూర్పుగా పోయేకొద్దీ వాగు నీరు అందదు. అక్కడ నల్లరేగడి మొదలవుతుంది. వరికి పనికిరాని ఆ నేల ప్రత్తికి అనువైనది. కొండ అంచున నీరు, మైదానంలో ప్రత్తి: ఈ రెండింటి కూడలిలో రాజపాళయం వెలసింది. తరువాతి నాలుగైదు శతాబ్దాల ఆర్థిక చరిత్రకు ఈ కూడలియే పునాది.

పేరులో దాగిన చరిత్ర

పాళెం అంటే సైన్యం విడిసిన చోటు. నెల్లూరు, చిత్తూరు జిల్లాలలో పాళెం అనే మాటతో ముగిసే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. రాజుల పాళెమే రాజపాళయం. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ పిమ్మట మదుర నాయకుల కాలంలోనూ తెలుగు దేశం నుండి సైనిక కుటుంబాలు, సేద్యపు కుటుంబాలు పెద్దసంఖ్యలో దక్షిణానికి తరలివచ్చాయి. 16వ శతాబ్దంలో మదురను ఏలిన విశ్వనాథ నాయకుని కాలంలో, మంత్రి అరియనాథ మొదలియారు చేయూతతో, రాజ్యాన్ని 72 పాళెములుగా విభజించినట్టు ప్రసిద్ధి. అట్లా వచ్చిన వారిలో క్షత్రియ రాజులు ఒక వర్గం. వీరు కొండ అంచున స్థిరపడి, క్రమంగా కత్తి పక్కనపెట్టి నాగలి పట్టారు.

వలస వచ్చిన తేదీ గురించి సంప్రదాయ కథనాలు పలు విధాలుగా ఉన్నా, మూలస్థానానికి గట్టి సాక్ష్యం ఇంటిపేర్లలోనూ గోత్రాలలోనూ ఉన్నది. ధనంజయ, కాశ్యప, కౌండిన్య, వసిష్ఠ గోత్రాలు ఆంధ్ర క్షత్రియులకూ, రాజపాళయం రాజులకూ సమానం. విజయనగరం సంస్థానాధీశుల ఇంటిపేరైన పూసపాటి రాజపాళయంలోనూ వినిపిస్తుంది. పాతపాళెం, కొత్తపాళెం, సింగరాజు కోట వంటి పేటల పేర్లు తొలి నివాసాల తీరును తెలుపుతాయి. ఒక్కొక్క పేటకు ఒక చావడి ఉండేది. తగవులు తీర్చడం, పండుగలు జరపడం, ఊరుమ్మడి పనులకు డబ్బు కూడబెట్టడం చావడి పనులు. పదిమంది సొమ్మును ఒకచోట చేర్చి పదిమందికి పనికివచ్చేటట్టు వాడే అలవాటు ఇక్కడివారికి ఆ చావడులలోనే అబ్బిందనవచ్చు.

తెలుగువారికి ఈ సీమతో సారస్వత బంధం కూడా ఉన్నది. రాజపాళయానికి కొద్ది దూరంలోనే ఉన్న శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి జన్మస్థలం. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదకు కథాస్థలం ఆ విల్లిపుత్తూరే. తెలుగు పంచకావ్యాలలో ఒకటిగా ఎన్నబడే గ్రంథం ఈ కొండల నీడలోని ఊరిని వర్ణించింది.

తెల్లని మేనితో, గులాబి రంగు ముక్కుతో ఉండే రాజపాళయం వేటకుక్క కూడా పాళెగాళ్ళ కాలపు వారసత్వమే. ఇల్లూ పొలమూ కాచిన ఆ జాతి చిత్రంతో భారత తపాలాశాఖ 2005లో ఒక బిళ్ళను విడుదల చేసింది.

సేత్తూరు పాళెం

రాజపాళయం వంటి ఊళ్ళు సేద్యపు ఊళ్ళుగా పెరుగుతుండగా, పక్కనే సేత్తూరు మరవ దొరల పాళెంగా ఉండేది. తిరునెల్వేలి సీమలో పడమటి కొండల వెంబడి మరవ పాళెములు, తూర్పు నల్లరేగడి నేలలలో తెలుగు నాయకర్ల పాళెములు ఉండేవి. తూర్పు పాళెగాళ్ళలో పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన ప్రసిద్ధుడు. అతనిని 1799లో కయత్తారులో ఆంగ్లేయులు ఉరితీశారు. 1801 నాటికి పాళెగాళ్ళ తిరుగుబాట్లు అణగిపోయాయి. కోటలు కూలాయి. మిగిలిన పాళెగాళ్ళు పేష్కషు చెల్లించే జమీందారులైనారు. సేత్తూరు కూడా ఆ విధంగా జమీగా మారింది.

ఈ మార్పు సామాన్యుని జీవితంపై రెండు విధాల ప్రభావం చూపింది. ఒకవైపు దండయాత్రల భయం తగ్గి సేద్యం, వర్తకం నిలదొక్కుకున్నాయి. మరొకవైపు కొండ అంచున ఉన్న భూమిపై శిస్తు వసూలు చేసే అధికారం జమీందారు చేతికి వచ్చింది. స్వాతంత్ర్యానంతరం 1948లో వచ్చిన మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ఈ వ్యవస్థ ముగిసి, రైతువారీ పద్ధతి అమలులోకి వచ్చింది. సేత్తూరు నేడు పట్టణ పంచాయతీ. పాత దొరతనం ఊరి పేరులోనూ, దేవాలయ సంప్రదాయాలలోనూ మిగిలి ఉన్నది.

తెల్ల బంగారం

తిరునెల్వేలి ప్రత్తి 19వ శతాబ్దంలోనే విదేశాలకు ఎగుమతి అయ్యేది. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు లాంకషైర్ మిల్లులకు అమెరికా ప్రత్తి అందలేదు. ఆ కాలంలో భారతదేశపు ప్రత్తి ధర ఎన్నడూ లేనంతగా పెరిగింది. ఎక్కడో జరిగిన యుద్ధం తన చేనుకు ధర కట్టగలదని నల్లరేగడి రైతుకు తెలిసివచ్చిన సందర్భం అది. 20వ శతాబ్దపు తొలి దశకంలో కంబోడియా ప్రత్తి ఈ ప్రాంతానికి వచ్చింది. నాటు రకమైన కరుంగణ్ణి వాననీటికి పండుతుంది. కంబోడియా రకం బావినీటి కింద బాగా పండి, పొడవైన పింజె నిచ్చింది. బావులు త్రవ్వగలిగిన రైతులకు ఆదాయం పెరిగింది.

అయితే ప్రత్తి పండించినవాని కన్నా దానిని నూలుగా మార్చినవానికే లాభం ఎక్కువ. ఈ ప్రాంతంలో ఆ పని మొదట చేసినవారు హార్వే సోదరులు. 1880లలో తాంబ్రపర్ణి ఒడ్డున పాపనాశం వద్ద వారు నెలకొల్పిన మిల్లు కొండ మీది నుండి దూకే నీటి బలంతో నడిచింది. తరువాత తూత్తుకుడిలోనూ, మదురైలోనూ వారి మిల్లులు వెలిశాయి. ప్రత్తి ఈ నేలది, కూలీలు ఈ ఊళ్ళవారు, లాభం మాత్రం విదేశీ యజమానులది.

1927లో విరుదునగరం–తెన్కాశి రైలుమార్గం ఏర్పడడంతో రాజపాళయం మూటలు నేరుగా బండి ఎక్కే వీలు కలిగింది. నీరు, ప్రత్తి, రైలు, సేద్యంలో కూడబెట్టిన సొమ్ము అన్నీ ఊరిలోనే ఉన్నాయి. లేనిది మిల్లు ఒక్కటే.

మిల్లు కూత

ఆ లోటు తీర్చినవారు పి. ఎ. సి. రామసామి రాజా. 1894లో రాజపాళయంలో జన్మించిన ఆయన 1936లో రాజపాళయం మిల్లును పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా స్థాపించారు. ఆనాటి పరిస్థితిని తలచుకుంటే ఇది సాహసమే. 1929 నాటి ఆర్థికమాంద్యం దెబ్బకు పంటల ధరలు పడిపోయి రైతులు కుంగిపోయి ఉన్న కాలమది. సొమ్మును బంగారంగానో భూమిగానో దాచుకోవడం తప్ప కాగితపు వాటాలలో పెట్టడం పల్లెవారికి అలవాటు లేదు. అటువంటి చోట వాటాల ద్వారా మూలధనం సమకూర్చే పరిశ్రమ నిలబడడానికి యంత్రాలెంత అవసరమో, ఊరివారికి ఒకరిపై ఒకరికి ఉన్న నమ్మకం కూడా అంతే అవసరమైంది.

1939లో రామరాజు సర్జికల్ కాటన్ మిల్లు ఏర్పడింది. మామూలు ప్రత్తికి సహజమైన మైనం వంటి జిడ్డు ఉంటుంది. అందువల్ల అది తడిని పీల్చదు. క్షారంతో ఉడికించి, చలువ చేసి ఆ జిడ్డును తొలగిస్తే గాయానికి వాడదగిన దూది తయారవుతుంది. అదే ఏడు రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. దూదికి, కట్టుగుడ్డకు ప్రపంచమంతటా అవసరం పెరిగిన కాలమది. రాజపాళయం సమీపాన ఉన్న ఛత్రపట్టి, సముసిగాపురం మొదలైన ఊళ్ళలో ఆ వృత్తి ఇంటింటి మరమగ్గాలకు వ్యాపించింది. ఆసుపత్రులకు గాజుగుడ్డ, కట్టుగుడ్డ నేసి పంపడం నేటికీ ఆ ఊళ్ళ జీవనాధారం. పెద్ద మిల్లు ఒకవైపు, చిన్న మగ్గం మరొకవైపు నిలబడిన కారణంగా వాటాలు కొనలేని కుటుంబాలకు కూడా పరిశ్రమలో చోటు దొరికింది.

మిల్లు కూత ఊరి దినచర్యను మార్చింది. సూర్యుని చూసి పనికిపోయే రైతుకూలీ కుటుంబాలు షిఫ్టుల లెక్కకు అలవాటు పడ్డాయి. పలు కులాలవారు, పలు పల్లెలవారు ఒకే కప్పు కింద పనిచేశారు. పంట పోయిన ఏడు కూడా నెలజీతం చేతికి రావడం ఆ కుటుంబాలకు కొత్త అనుభవం. దూది ధూళిలో, యంత్రాల హోరులో పగలూ రాత్రీ నిలబడిన ఆ శ్రామికుల పేర్లు ఏ శిలాఫలకంపైనా లేకపోయినా, పట్టణాన్ని నిలబెట్టినవారిలో వారి స్థానం మొదటి వరుసలోనిదే.

1957లో రామసామి రాజా మద్రాస్ సిమెంట్స్ సంస్థను నెలకొల్పారు. దాని తొలి కర్మాగారం విరుదునగరం సమీపాన వెలసింది. 1962లో ఆయన మరణించిన పిమ్మట కుమారులు పి. ఆర్. రామసుబ్రహ్మణ్య రాజా బాధ్యత వహించి, 2017లో మరణించేవరకు సంస్థలను విస్తరింపజేశారు. మద్రాస్ సిమెంట్స్ 2013లో రామ్‌కో సిమెంట్స్‌గా పేరు మార్చుకున్నది. ఈ సంస్థ ఆంధ్రదేశంలో జగ్గయ్యపేట సమీపంలోని జయంతిపురంలోనూ, 2022లో నంద్యాల జిల్లా కొలిమిగుండ్లలోనూ కర్మాగారాలు నెలకొల్పింది. ఏ తెలుగు నేల నుండి పూర్వులు దక్షిణానికి నడిచి వెళ్ళారో, ఆ నేలకు వారి సంతతివారి పరిశ్రమ తిరిగివచ్చింది.

ఎండిన సీమ, మూడు దారులు

రాజపాళయం ఒక్కటే ఈ సీమలో ఎదిగిందనుకోవడం పొరపాటు. వాన తక్కువైన ఈ నేలలో ప్రతి ఊరూ ఏదో ఒక దారి వెదుక్కున్నది. విరుదునగరం వర్తకంతో పెరిగింది. అక్కడి నాడార్లు వ్యాపారంలో కొంత భాగాన్ని మగమై పేరిట ఉమ్మడి నిధిగా కూర్చి, 1889లో క్షత్రియ విద్యాశాలను స్థాపించారు. కామరాజు చదివినది ఆ బడిలోనే. శివకాశి 1923లో అగ్గిపెట్టెల తయారీ మొదలుపెట్టి, తరువాత బాణసంచాకు, ముద్రణకు ప్రసిద్ధి పొందింది. రాజపాళయం నూలును ఎన్నుకున్నది. ఈ మూడు ఊళ్ళకూ సామాన్యమైన గుణం ఒకటి ఉన్నది. అవి సంపాదించిన సొమ్మును ఊరు దాటనీయక పనిముట్లుగా, బడులుగా మార్చుకున్నాయి.

ఆ దారిలోనే రాజపాళయంలో ఉన్నత పాఠశాలలు, పాలిటెక్నిక్, 1970లలో కళాశాలలు, 2013లో ఇంజనీరింగు కళాశాల వెలిశాయి.

కుమారస్వామి రాజా

రాజపాళయం పేరును దేశమంతటికీ తెలిపినవారు పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా. 1898లో జన్మించిన ఆయన గాంధేయవాదిగా స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్నారు. 1949 ఏప్రిల్‌లో ఓమందూరు రామస్వామి రెడ్డియార్ తరువాత మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి రాగా, ఆయనే మద్రాసు రాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి. 1952 ఎన్నికలలో ఓటమి చెంది పదవి వీడారు. 1954 నుండి 1956 వరకు ఒరిస్సా గవర్నరుగా పనిచేసి, 1957లో మరణించారు. రాజపాళయంలోని తన ఇంటిని గాంధీ కలై మన్రానికి ఇచ్చివేశారు.

ఆయన జీవితంలో తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగిన ఘట్టం ఒకటి ఉన్నది. ఆంధ్ర రాష్ట్ర నిర్మాణం గురించి 1949లో ఏర్పడిన విభజన సంఘానికి అధ్యక్షులు కుమారస్వామి రాజాయే. టంగుటూరి ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు, నీలం సంజీవరెడ్డి ఆ సంఘంలో ఉన్నారు. మద్రాసు నగరం విషయమై ప్రకాశం భిన్నాభిప్రాయం తెలిపారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తమిళ ప్రజల ప్రతినిధిగా ఆ సభకు అధ్యక్షత వహించిన వ్యక్తి స్థితి ఎంత సున్నితమైనదో ఊహించవచ్చు. చివరకు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు అవతరించాయి. సరిహద్దులు గీసిన తరువాత రాజపాళయం తెలుగు ఇళ్ళన్నీ ఆ గీతకు చాలా దూరాన మిగిలిపోయాయి.

ఇంట తెలుగు, బడిలో తమిళం

నాలుగైదు వందల ఏళ్ళుగా రాజపాళయం రాజుల ఇళ్ళలో తెలుగు నిలిచి ఉండడం సామాన్య విషయం కాదు. ఆ తెలుగులో నేటి ఆంధ్రదేశంలో వినబడని పాత మాటలు కొన్ని ఉన్నాయి. తమిళపు యాస, తమిళ పదాలు కలిసి దానికొక ప్రత్యేకమైన నుడికారం ఏర్పడింది. రాజులే గాక నాయుళ్ళు, రెడ్లు, కంబళ నాయకర్లు, అరుంధతీయులు మొదలైనవారు కూడా ఈ సీమలో తెలుగు మాట్లాడేవారే. ఐతే వీరిలో అధికసంఖ్యాకులకు తెలుగు చదవడం, వ్రాయడం రాదు. పెళ్ళిపత్రిక తమిళం, దుకాణపు లెక్క తమిళం, మిల్లు రికార్డు తమిళమో ఇంగ్లీషో. తెలుగు మాటకు పరిమితమై, అక్షరానికి దూరమైంది.

దీనికి గొప్ప నిదర్శనం కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి సమీపాన ఇడైసెవల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన (1923–2021) తెలుగువారి వలసను, వారు కరిసల్ నేలలో ఊరు కట్టుకున్న తీరును నవలలుగా వ్రాశారు. గోపల్లపురత్తు మక్కళ్ నవలకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. దక్షిణాదికి వలస వచ్చిన తెలుగువారి కథ ఇంత గొప్పగా చెప్పబడినది తమిళంలో. దానికి తమిళాన్ని నిందించవలసిన పని లేదు. ఆదరించిన నేల భాషను నేర్వడం వలసవచ్చినవారి ధర్మం, ఆ ధర్మాన్ని వారు చక్కగా నెరవేర్చారు. రెండవ భాషకు బడిలో చోటు చూపుకోకపోవడమే లోటు.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగపు 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం చేసింది. 2006–07లో ఒకటవ తరగతితో ఆరంభించి, 2015–16 నాటికి పదవ తరగతి వరకు తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయింది. దీనితో తెలుగు నేర్చే పిల్లలకు పాఠశాల వేళలలో మిగిలిన సమయం తగ్గింది. ఇప్పుడు తెలుగు అక్షరం నిలవాలంటే కుటుంబం, బడి, ఊరు కలిసి పూనుకోవలసి ఉన్నది.

నేటి కొండ, రేపటి ఊరు

రాజపాళయం పక్కనే ఉన్న కొండలలో నెరసిన వన్నె గల పెద్ద ఉడుత సంరక్షణకై 1988లో అభయారణ్యం ఏర్పడింది. 2021లో శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల రక్షితారణ్యాన్ని ప్రకటించారు. అడవి నిలిస్తేనే వాగు, వాగు పారితేనే చెరువు, తోట, పట్టణపు తాగునీరు. పూర్వం కొండను వరప్రసాదంగా భావించి ఊరుకున్నవారు నేడు దానిని కాపాడుకోవలసిన ఆస్తిగా గుర్తిస్తున్నారు.

భాష విషయంలో కూడా ఇట్టి గుర్తింపే అవసరం. సైనికులు రైతులైనారు, రైతుల బిడ్డలు మిల్లులు కట్టారు, మిల్లు కార్మికుల బిడ్డలు ఇంజనీర్లైనారు. ప్రతి మెట్టులోనూ ఉమ్మడిగా పెట్టుబడి పెట్టినందువల్లనే ఊరు పైకి వచ్చింది. నూలుకు పెట్టిన ఆ పెట్టుబడిలో చిన్న వంతైనా తెలుగు అక్షరానికి దక్కి ఉంటే, రాజపాళయం చరిత్రను నేడు ఆ ఊరి పిల్లలు తమ ఇంటిభాషలో చదువుకొని ఉండేవారు. మాటను ఇల్లు కాపాడగలదు. అక్షరాన్ని కాపాడేది బడి మాత్రమే. డెబ్బదియైదేండ్లు తెలుగులో పాఠం చెప్పిన ఏ బడి విలువనైనా రాజపాళయం వంటి ఊరి చరిత్రతో పోల్చి చూసినప్పుడే సరిగా తెలుస్తుంది. అటువంటి బడిలో అక్షరాలు దిద్దినవారు ఆ అక్షరాలను తమ బిడ్డలకు అందించడమే ఆ బడికి తీర్చగల ఋణం.